ముక్కు కొలిచి మెట్టు తేల్చారు

సరిహద్దు సీమ చరిత్ర – 9వ భాగం

పావగడ తాలూకాకు మూడువైపులా ఆంధ్రదేశమే. తాలూకా కచేరీలో కాగితాలు కన్నడంలో నడుస్తాయి గానీ, సంతలో బేరం, గట్టు మీద పోట్లాట, పెళ్ళిపందిట్లో సరసం అన్నీ తెలుగులోనే. ఇక్కడి పిల్లను మడకశిర వైపు ఇస్తారు, పెనుకొండ వైపునుంచి కోడలిని తెచ్చుకుంటారు. అలా కలిసిన కుటుంబాలు కుల ధ్రువపత్రాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఒక వింత కనిపిస్తుంది. లంబాణీలు కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం. సరిహద్దు దాటితే వాళ్ళే సుగాలీలు, షెడ్యూల్డ్ తెగ. ఇక్కడ కొరచ, కొరమ పేర్లతో షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నవాళ్ళ చుట్టాలు అక్కడ ఎరుకలవాళ్ళు, వాళ్ళది తెగల జాబితా. వడ్డెవాళ్ళు ఇటు భోవి అనే పేరుతో షెడ్యూల్డ్ కులం, అటు వెనుకబడిన తరగతి. బోయవాళ్ళది మరో రకం. పావగడలో నాయకులంటే షెడ్యూల్డ్ తెగ, మడకశిరలో బోయలంటే బి.సి.-ఎ.

ఈ జాబితాలు అన్యాయాన్ని సరిదిద్దడానికి వేసినవి. వాటిని తప్పుపట్టడం నా పని కాదు. వీటిని ముందు పెట్టడానికి వేరే కారణం ఉంది. ఇదే మనుషులను వరసగా నిలబెట్టి, వీడిది పై మెట్టు, వాడిది కింది మెట్టు, ఈ మెట్లు కట్టింది ప్రకృతి అని చెప్పిన శాస్త్రం ఒకటి ఈ నేల మీద దాదాపు డెబ్బై ఏళ్ళు పెత్తనం చేసింది. ప్రకృతి వేసిన గీత అయితే జిల్లా సరిహద్దు రాయి దగ్గర అది మారకూడదు. కచేరీలో కలం గీసింది కాబట్టే మారింది. ఆ పాత శాస్త్రం ఎలా పుట్టిందో, ఎవరి వీపు మీద వాత పెట్టిందో ఈ భాగంలో చూద్దాం.

గత భాగంలో ధాత కరువు గురించి చెప్పుకున్నాం. 1871లో మైసూరు రాజ్యంలో మొదటిసారి పద్ధతిగా జనాభా లెక్క తీస్తే 50,55,412 మంది తేలారు. పదేళ్ళ తరువాత మళ్ళీ లెక్కపెడితే 41,86,188. మధ్యలో 1876–78 నాటి కరువు ఉంది. సరిహద్దుకు అటు, మద్రాసు రాజధానిలో, పనికి వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, చాలునని, కరువు పనులు చూడడానికి వైస్రాయ్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. రాళ్ళు కొట్టే మనిషికి అది కడుపు నింపదని మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి డాక్టర్ కార్నిష్ తిరగబడితే గానీ ఆ కొలత మారలేదు. వైస్రాయ్ లిట్టన్ మాత్రం 1877లో, ఈ దేశపు జనం నేల పండించే తిండికంటే వేగంగా పెరుగుతారని శాసనసభలో తాత్వికంగా సెలవిచ్చాడు. ఆకలితో చచ్చినవాడి చావుకు పన్నుల విధానం కారణం కాదు, ధాన్యం ఎగుమతి కారణం కాదు, ప్రకృతి నియమమే కారణం! ఆ నియమం పేరు చెప్పుకోవడం అప్పటికి ఇంగ్లండులో పెద్ద మనుషులకు అలవాటైపోయింది.

ఆ అలవాటు ఎక్కడిది? డార్విన్ జాతుల పుట్టుక గురించిన పుస్తకం 1859లో వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో 'యోగ్యతమ సార్థక జీవనం' అని నోరు తిరగకుండా వల్లెవేసిన మాట డార్విన్ పుట్టించింది కాదు. హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1864లో దాన్ని అన్నాడు. డార్విన్ 1869 నాటి అయిదో ముద్రణలో దాన్ని అరువు తెచ్చుకున్నాడు. డార్విన్ దృష్టిలో యోగ్యత అంటే ఆ చోటికి, ఆ కాలానికి పొసగడం, అంతే. చలిదేశంలో యోగ్యమైన బొచ్చు ఎండదేశంలో భారం. స్పెన్సర్ చేతిలో అదే మాట గెలిచినవాడి మెడలో దండ అయింది. ధనికుడు ధనికుడెందుకయ్యాడంటే యోగ్యుడు కాబట్టి, యోగ్యుడని ఎలా తెలిసిందంటే ధనికుడయ్యాడు కాబట్టి. ఇంత చిన్న గుండ్రంలో తిరిగే వాదాన్ని అరవై ఏళ్ళు విశ్వవిద్యాలయాల్లో పాఠంగా చెప్పారు.

డార్విన్‌ను పూర్తిగా కడిగిన ముత్యంగా చూపించడం కూడా నిజాయితీ కాదు. బానిసత్వాన్ని ఆయన అసహ్యించుకున్నాడు. మానవ జాతులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయే ఛాయలేనని 1871 నాటి మానవావతరణ గ్రంథంలో వాదించాడు. అదే పుస్తకంలో నాగరిక జాతులు మునుముందు అనాగరిక జాతులను భూమి మీద లేకుండా చేస్తాయని కూడా, వాతావరణ సూచన చెప్పినంత తాపీగా, రాశాడు. ఆయన బొమ్మ గీసుకున్నది కొమ్మలు చీలే చెట్టు. ఆయన వారసులమని చెప్పుకున్నవాళ్ళు ఆ చెట్టును నరికి నిచ్చెన చేశారు. పై మెట్టు మీద తాము కూర్చుని, కింది మెట్ల మీద ఎవరెవరున్నారో లెక్క రాయడానికి ప్రపంచం మీద పడ్డారు. డార్విన్‌కు వరసకు సోదరుడైన ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో ఈ పనికి పేరు కూడా పెట్టాడు. మనం సుజనన శాస్త్రం అంటున్నాం. మేలు జాతి మనుషులు ఎక్కువగా కనాలి, తక్కువ జాతివాళ్ళు కనకూడదు అన్నది దాని సారం.

మన దేశంలో ఆ లెక్క రాయడానికి పూనుకున్నవాడు హెర్బర్ట్ రిస్లీ. బెంగాల్ తెగలు, కులాల మీద 1891లో సంపుటాలు వేశాడు, 1901 జనాభా లెక్కలకు దేశమంతటికీ అధిపతి అయ్యాడు. ఆయన ఆయుధం ముక్కు. ముక్కు వెడల్పును వందతో హెచ్చవేసి పొడవుతో భాగిస్తే వచ్చేది నాసికా సూచిక. పొడవు 50 మిల్లీమీటర్లు, వెడల్పు 40 అయితే సూచిక 80. డెబ్బైకి లోపు సన్న ముక్కు, ఎనభై అయిదు దాటితే చప్పిడి ముక్కు, మధ్యలోవి మధ్యరకం. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ కులం హోదా తగ్గుతుందని రిస్లీ సూత్రీకరించాడు. సన్న ముక్కు ఆర్య రక్తానికి గుర్తు, చప్పిడి ముక్కు వెనక ఆగిపోయిన మూలవాసికి గుర్తు. కులం అన్నది మనుషులు పెట్టుకున్న కట్టుబాటు కాదు, పరిణామం మెట్టుమెట్టుగా పేర్చిన జాతుల వరస అని దీని తాత్పర్యం. ఇంత సులువైన కొలబద్ద దొరికితే ఏ దొర వదులుకుంటాడు? ఇక్కడి అగ్రవర్ణాల్లో చదువుకున్నవాళ్ళు కొందరికీ ఇది చల్లగానే తగిలింది. పాలకుల దాయాదులమని చెప్పుకోవడానికి ఇప్పుడు శాస్త్రం సాక్షి!

దక్షిణాదిలో ఈ పని ఎడ్గార్ థర్‌స్టన్ ఎత్తుకున్నాడు. 1885 నుంచి 1908 దాకా మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధికారి. కాలిపర్లు, కొలత టేపు పట్టుకుని నీలగిరి నుంచి మైసూరు, బళ్ళారి సీమల దాకా తిరిగాడు. కె. రంగాచారి తోడుగా 1909లో ఏడు సంపుటాల 'దక్షిణ భారత కులాలు, తెగలు' ప్రచురించాడు. ఆ సంపుటాలు ఈనాటికీ కులచరిత్రలు రాసేవాళ్ళకు తరగని గని. పండుగలు, పెళ్ళితంతులు, పొడుపులు, వంటలు ఎన్నో ఆయన రాసుకోకపోతే మనకు మిగిలేవి కావు. ఆ మేలు ఒప్పుకుంటూనే ఆ పని ఎలా జరిగిందో చూడాలి. వయనాడు పణియ స్త్రీలు ఆయన పరికరాలు చూసి హడలిపోయారట. తమలో మంచి ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్ళను చంపి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ళ భయం. ఈ సంగతి థర్‌స్టనే నవ్వుతూ రాసుకున్నాడు. మ్యూజియంలో పులిని, పక్షిని పెట్టే దొర మనిషి తలను ఇనప కొంకుల మధ్య బిగిస్తుంటే వాళ్ళకు అంతకన్నా ఏమనిపిస్తుంది? నాకైతే ఆ ఆడవాళ్ళు అమాయకులుగా కనిపించరు.

తమాషా ఏమిటంటే దక్షిణాదిలో ముక్కులు రిస్లీ మాట వినలేదు. థర్‌స్టన్ సొంత పట్టికల్లోనే మద్రాసు బ్రాహ్మణుల సగటుకంటే వెల్లాలల సగటు ముక్కు సన్నగా తేలింది. బ్రాహ్మణులకు, పరయలకు మధ్య తేడా ఎంత స్వల్పమంటే, ఒక కులంలోనే మనిషికీ మనిషికీ ఉన్న తేడా దానికంటే చాలా ఎక్కువ. అంకెలు ఇలా ఉన్నా సిద్ధాంతం చెక్కుచెదరలేదు. అదే మ్యూజియంలో థర్‌స్టన్ పోలీసు అధికారులకు మానవశాస్త్రం తరగతులు నడిపాడు. శరీర కొలతలతో నేరస్థుణ్ణి పట్టే విద్య ఆ పాఠాల్లో భాగం. కథ ఇక్కడినుంచి మ్యూజియం దాటి ఊరి చావడికి చేరుతుంది.

డార్విన్ మానవావతరణ గ్రంథం వచ్చిన 1871లోనే ఉత్తరాదిలో నేరస్థ తెగల చట్టం వచ్చింది. ఆ చట్టం వెనక ఉన్న వాదన చాలా తేలిక. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, నేతగాడి కొడుకు నేతగాడు. కాబట్టి దొంగ కొడుకు దొంగ, వాడి మనవడూ దొంగే. అయిదేళ్ళ తరువాత ఇటలీలో లోంబ్రోసో అనే వైద్యుడు పుట్టు నేరస్థుడు అనే సిద్ధాంతం తెచ్చాడు. పరిణామంలో వెనక్కి జారిన ఆదిమ మానవుడే నేరస్థుడట, దవడ చూసి, చెవి చూసి పోల్చుకోవచ్చట. కులం గురించి ఇక్కడ చెప్పుకుంటున్న మాటకు అక్కడినుంచి శాస్త్రం ముద్ర దొరికింది.

ఎరుకల, కొరచవాళ్ళ సంగతి చూస్తే ఈ ముద్ర ఎంత పచ్చి అబద్ధమో తెలుస్తుంది. వాళ్ళలో ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు, దబ్బ ఎరుకలు అని శాఖలున్నాయి. వెదురు దబ్బలతో బుట్టలు, తట్టలు అల్లేవాళ్ళు కొందరు. ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును కొండసీమలకు మోసి, తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవాళ్ళు కొందరు. బండి బాట లేని పావగడ, నిడగల్లు కొండల పల్లెలకు ఇలాంటి తిరుగుడు బేహారులే ఆధారం. 1805లోనే మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందకి తెచ్చుకుంది. తరువాత రైళ్ళొచ్చాయి. ఎద్దు వారం రోజులు మోసేది రైలు ఒక్క పూటలో దింపేసింది. పైన ధాత కరువు. పశువులు చచ్చాయి, కొనేవాళ్ళు చచ్చారు. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురు నరకడం, పశువులు మేపడం నేరాలయ్యాయి. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ వరసంతా దస్తావేజులతో చూపించారు. బతుకు తెరువు నాలుగువైపులా మూసేశాక, తిరుగుతున్నవాడు ఎందుకు తిరుగుతున్నాడన్న ప్రశ్నకు వాడి రక్తంలోనే ఉంది అని జవాబు రాశారు.

ఎవరు రాశారు? ముందు పోలీసులు. 1892లో మల్లాలీ అనే అధికారి మద్రాసు రాజధాని నేరవర్గాల మీద ఒక చేతిపుస్తకం వేశాడు. 1905లో రైల్వే పోలీసు అధికారి ఎం. పాపారావు నాయుడు కొరవల, ఎరుకల చరిత్ర అంటూ మరొకటి. పేరు చూస్తే మనవాడే, గర్వపడే సందర్భం మాత్రం కాదు. థర్‌స్టన్ తన సంపుటాల్లో, ఎరుకలవాళ్ళకే మరో పేరైన కొరవల అధ్యాయానికి ఈ పోలీసు రాతలనే ఎత్తి పోశాడు. దాంతో ఠాణా నమోదు శాస్త్రగ్రంథమైంది. 1911లో చట్టాన్ని మద్రాసుకు విస్తరించాక ఫలానా తెగ నేరస్థ తెగ అనడానికి ఆ గ్రంథం ప్రమాణమైంది. పోలీసు చెప్పిందాన్ని పండితుడు రాశాడు, పండితుడు రాసిందాన్ని పోలీసు చూపించాడు.

చట్టం అమలయ్యాక పేరు నమోదైన మనిషి వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు ఠాణాలోనో గ్రామాధికారి ముందో హాజరు వేయించుకోవాలి, ఊరు మారితే తెలపాలి. నేరం రుజువు కానక్కరలేదు, పుట్టుక చాలు. వేలిముద్రల శాస్త్రానికి పునాది వేసినవాడూ గాల్టనే. వేలి గీతల్లో జాతి గుర్తులు దొరుకుతాయేమోనని ఆయన ఆశగా వెతికాడు. ఒక జాతివాడి వేలికీ మరో జాతివాడి వేలికీ మనిషి జాతిని పట్టించే తేడా ఏదీ కనబడలేదని 1892లో తానే ఒప్పుకున్నాడు. అయినా ఆ విద్య తెగను తెగగా నమోదు చేసే పుస్తకాల్లోకే చేరింది.

1913–14లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌వారి సెటిల్‌మెంటు ఇంకొకటి. మిషనరీలు మనిషి మారతాడని నమ్మారు, అది పోలీసుల నమ్మకం కంటే మెరుగే. కానీ అదే పుట్టుక ఆధారంగా అదే ముళ్ళకంచె. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా చట్టంలో ఉంది. స్టూవర్టుపురం మనుషులు చీరాల పొగాకు కంపెనీలో చవక కూలీలయ్యారు. దొంగతనం రక్తంలో ఉందన్నవాళ్ళకు ఆ రక్తం చేసే కూలిపని మాత్రం చేదు కాలేదు.

మైసూరు వైపు కథలో మరో మలుపు ఉంది. హెచ్.వి. నంజుండయ్య మొదలుపెట్టిన వర్ణనను ఎల్.కె. అనంతకృష్ణ అయ్యర్ పూర్తిచేయగా, మైసూరు విశ్వవిద్యాలయం తరఫున 'మైసూరు తెగలు, కులాలు' నాలుగు సంపుటాలుగా 1928–35 మధ్య వెలువడింది. 1935లో చివరగా వచ్చిన మొదటి సంపుటానికి, భారత జాతుల చరిత్రలో మైసూరు స్థానం గురించి ఒక పెద్ద వ్యాసం రాసింది ఎగాన్ ఫాన్ ఐక్‌స్టెట్, జర్మనీలోని బ్రెస్లావు ఆచార్యుడు. 1926–29లో ఇండియాలో యాత్ర చేసి వేలమందిని కొలిచి, ఫోటోలు తీసి, మనుషులను వెడ్డిడ్, మెలానిడ్, ఇండిడ్ అని పెట్టెల్లో సర్దాడు. కొన్ని పెట్టెలు ఆదిమం, కొన్ని ప్రగతిశీలం. ఆ 1935 సెప్టెంబరులోనే నాజీలు న్యూరెంబర్గ్ చట్టాలు చేసి యూదుల పౌరసత్వం లాక్కున్నారు. ఎవరు యూదుడో ఎవరు కాదో తేల్చే జాతి నివేదికలు ప్రభుత్వానికి రాసిచ్చిన వాళ్ళలో ఈయనా ఉన్నాడు. యుద్ధం ముగిశాక ఆయనకు శిక్ష పడలేదు. మైంజ్ విశ్వవిద్యాలయంలో మళ్ళీ ఆచార్యుడై 1965లో పోయాడు.

అదే మైసూరు విశ్వవిద్యాలయానికి 1921 నుంచి 1930 దాకా ఉపకులపతిగా ఉన్నవాడు బ్రజేంద్రనాథ్ శీల్. 1911 జూలైలో లండనులో జరిగిన విశ్వజాతుల మహాసభలో మొదటి ప్రసంగం ఈయనదే. జాతి అన్నది గట్టిపడిన ముద్ద కాదు, ఎప్పుడూ మారుతూ, కలుస్తూ, విడిపోతూ ఉండేదని ఆ సభకు వివరించాడు. అదే సభకు మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ పంపిన పత్రం, అమెరికాకు వలస వెళ్ళినవాళ్ళ పిల్లల తలల ఆకారం ఒక్క తరంలోనే మారిపోతోందని వేలమంది కొలతలతో చూపించింది. తల ఆకారమే నిలకడ లేనిదైతే, దాని మీద కట్టిన మెట్ల గతి ఏమిటి? డార్విన్‌తో పాటు ప్రకృతి వరణాన్ని కనుక్కున్న ఆల్‌ఫ్రెడ్ వాలెస్ బతికే ఉన్నాడు అప్పటికి. సుజనన శాస్త్రాన్ని పొగరుబోతు పౌరోహిత్యంగా ఆయన చీదరించుకున్నాడు. కాబట్టి ఆ కాలంలో అందరూ అలాగే అనుకునేవారు లెమ్మని సర్దుకోవడానికి వీల్లేదు.

1932లో సమాజశాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే రిస్లీ అంకెలనే తిరగేసి, ఉత్తర హిందూస్థానం విడిచి మరెక్కడా ముక్కుకూ కులం హోదాకూ పొంతన లేదని చూపించారు. కులం జాతిని మెరుగుపరిచే ఏర్పాటని వాదించేవాళ్ళకు 1936లో కుల నిర్మూలన ప్రసంగ పాఠంలో అంబేడ్కర్ సమాధానం చెప్పారు. పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే జాతి, మద్రాసు బ్రాహ్మణుడూ మద్రాసు పరయా ఒకే జాతి అన్నారు. కులం అంత గొప్ప సుజనన ఏర్పాటైతే ఈ దేశపు జనం ఇంత పొట్టిగా, పీలగా, సైన్యానికి పనికిరాకుండా ఎందుకున్నారని నిలదీశారు. 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకంలో ఆ ముక్కు కొలతలనే తీసుకుని, అవి రుజువు చేసేదేదైనా ఉంటే బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అన్నదేనని తేల్చారు. శత్రువు కత్తి లాక్కుని శత్రువు మీదికే తిప్పిన ఇలాంటి ఉదాహరణ మన మేధో చరిత్రలో అరుదు.

ఇప్పటి జన్యుశాస్త్రం దీనికి చేర్చింది కొంచెమే. మానవులలోని జన్యు వైవిధ్యంలో సుమారు 85 శాతం ఏ ఒక్క జనసమూహంలోనైనా దొరుకుతుందని 1972లో లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త లెక్క తేల్చాడు. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు అమెరికావారితో కలిసి 2009లో, 2013లో చేసిన పరిశోధనలు మన సంగతి చెప్పాయి. రెండు పాత జనధారలు దాదాపు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా విచ్చలవిడిగా కలిశాయి. మాల, మాదిగ, రెడ్డి, బ్రాహ్మణ అని లేకుండా పరిశీలించిన దాదాపు అన్ని సమూహాల్లోనూ ఆ రెండూ ఉన్నాయి. తరువాతే పెళ్ళి కంచెలు బిగిశాయి. ఆ కంచెలు ఎవరినీ పై మెట్టు ఎక్కించలేదు. తరాల తరబడి లోపలే సంబంధాలు చేసుకున్న మన వైశ్యులలో కొందరికి మత్తుమందు ఇచ్చినప్పుడు కండరాలు త్వరగా తేరుకోని లోపం ఎక్కువగా కనబడడం ఒక్కటే మిగిలింది. స్వచ్ఛ రక్తం అని మురిసినందుకు ప్రకృతి ఇచ్చిన బహుమతి ఇది.

చట్టం సంగతి చెప్పి ముగిస్తాను. తెలుగు ప్రాంతాలకు బాగా పరిచయమైన ఎం. అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో వేసిన విచారణ సంఘం నేరస్థ తెగల చట్టాన్ని ఎత్తేయమంది. 1952 ఆగస్టు 31న అది రద్దయింది. విముక్త జాతులు ఆ రోజును ఇప్పటికీ విముక్తి దినంగా జరుపుకుంటాయి. రద్దు చేసిన చేత్తోనే రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చాయి. మైసూరు రాష్ట్రం 1961లో, ఆంధ్రప్రదేశ్ 1962లో. చట్టంలో తెగ పేరు పోయింది, ఠాణాలో అనుమానం పోలేదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైలు నియమావళుల్లో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేస్తూ, విముక్త జాతులవాళ్ళను పుట్టుక కారణంగా అలవాటు నేరస్థులుగా చూడడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. నేరస్థ తెగల చట్టం పుట్టిన 153 ఏళ్ళకు.

పావగడ, మడకశిర, రొద్దం, పెనుకొండ పల్లెల్లో హాజరు పుస్తకాల కాలాన్ని తమ పెద్దల నోట విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి జ్ఞాపకం ఉంటే, పాత నమోదు చీటీ ఏదైనా అటక మీద మిగిలి ఉంటే, దయచేసి పారేయకండి. రాసి పెట్టుకోండి, పత్రికకు ఒక ప్రతి పంపండి. ఇంతవరకు ఆ కాలం గురించి మనకు దొరికిందంతా కొలిచినవాళ్ళు రాసిందే.